బాబు చేతిలో చెల్లే పాస్‌పోర్టు ఏ దేశానిదీ లేదు, స్కూల్లో చేర్చుకోవట్లేదు. ఏం చేయాలి?

ఎంవీపీ_అమ్మ · జూన్ 16, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. పెద్ద పోస్టు, కాస్త ఓపిగ్గా చదవండి.

మా బాబు 2015లో ఇక్కడే, విశాఖలోనే పుట్టాడు. జీవీఎంసీ బర్త్ సర్టిఫికెట్ ఉంది. మావారు అప్పటికే మెల్‌బోర్న్‌లో ఉండేవారు, వాడికి రెండేళ్ళప్పుడు మేమూ వెళ్ళాం. 2020లో మావారు అక్కడి సిటిజన్‌షిప్ తీసుకున్నారు, అప్లికేషన్‌లో బాబు పేరు కూడా చేర్చారు. నేను తీసుకోలేదు. అమ్మానాన్నలకు నేనొక్కదాన్నే, ఎప్పటికైనా వచ్చేయాలనే ఆలోచన. నా పాస్‌పోర్ట్ ఇప్పటికీ ఇండియాదే. బాబుది సరెండర్ చేసేశాం. అప్పుడు అదొక ఫార్మాలిటీ అనుకుని సంతకం పెట్టి వచ్చేశాను.

తర్వాత ఇంట్లో సరిపడలేదు, ఆ వివరాలు వద్దు. ఆయనకు చెప్పే 2025 జనవరిలో బాబుని టూరిస్ట్ వీసా మీద తీసుకొచ్చాను. ఇవాళో రేపో సర్దుకుంటుంది అనుకుంటూ ఏడాదంతా ఇంట్లోనే చదివించాను. ఈలోగా వీసా గడువు అయిపోయింది. నవంబర్‌లో వాడి ఆస్ట్రేలియా పాస్‌పోర్ట్ గడువూ అయిపోయింది. రెన్యూవల్‌కి తల్లిదండ్రులిద్దరి సంతకాలూ కావాలట. ఆయన ఫోన్ ఎత్తరు.

మూడు స్కూళ్ళు తిరిగాను. మొదటి చోట సీటుందన్నారు, ఫీజు కూడా చెప్పారు. పాస్‌పోర్ట్ పట్టుకుని లోపలికెళ్ళిన ఆవిడ బయటికొచ్చేసరికి సీట్లు నిండిపోయాయి. రెండో చోట, వీసా లేని ఫారినర్ని చేర్చుకుంటే మా మీదకొస్తుందమ్మా అన్నారు. కనీసం ఉన్నమాట చెప్పారు. మూడో చోట ఆధార్ లేకపోతే పేరు కంప్యూటర్‌లో ఎక్కదన్నారు.

వాడికి అ ఆలు రావు గానీ ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసు) అంటే ఏంటో తెలుసు. పొద్దున్న ఏడున్నరకి మా వీధి చివర స్కూల్ బస్సు ఆగుతుంది. కింద వాటా పిల్లలు ఎక్కేదాకా బాల్కనీలో నిలబడతాడు. బస్సు కదలగానే లోపలికొచ్చి టీవీ పెడతాడు. పదకొండేళ్ళు వాడికి, ఆరో తరగతిలో ఉండాలి.

ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి. జాలి వద్దు, దారి చెప్పండి చాలు.

సాగర్‌నగర్_శ్రీను · జూన్ 16, రాత్రి 10:40

టెన్షన్ పడకండి అక్కా. 18 ఏళ్ళు నిండాక ఏడాదిలోపు డిక్లరేషన్ ఇస్తే ఇండియన్ సిటిజన్‌షిప్ తిరిగొచ్చేస్తుంది. మా కజిన్ విషయంలో ఎవరో చెప్పారు. అందాకా ఏదైనా ఇంటర్నేషనల్ స్కూల్లో వేసేయండి.

ముక్కుసూటి · జూన్ 16, రాత్రి 10:47

ఏడేళ్ళ ఇంటర్నేషనల్ స్కూల్ ఫీజు నువ్వు కడతావా శ్రీనూ?

నల్లకోటు · జూన్ 17, ఉదయం 6:55

అమ్మా, నేను జిల్లా కోర్టులో ప్రాక్టీస్ చేస్తాను. కాగితాలు చూడకుండా చెప్పే మాటలివి, ఆ మేరకే తీసుకోండి.

ముందు శ్రీను గారి సలహా. ఆయన చెప్పింది పౌరసత్వ చట్టం 1955లో సెక్షన్ 8(2). తల్లి గానీ తండ్రి గానీ భారత పౌరసత్వాన్ని డిక్లరేషన్ ఇచ్చి వదులుకుంటే మైనర్ పిల్లల పౌరసత్వం కూడా పోతుంది, ఆ పిల్లలు మేజరయ్యాక ఏడాదిలోపు తిరిగి అడగొచ్చు. నిజమే. కానీ మీవారు వదులుకోలేదు. వేరే దేశం పౌరసత్వం తీసుకున్నారు. అలా తీసుకున్నప్పుడు మనది దానంతటదే పోతుంది, అది సెక్షన్ 9. ఈ రెండూ వేరని 2024 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు సింగపూర్ కుటుంబం కేసులో స్పష్టంగా చెప్పింది. సెక్షన్ 9 కింద పోయినవాళ్ళ పిల్లలకు 8(2) తలుపు తెరుచుకోదు. కాబట్టి 18 వచ్చేదాకా చూద్దాం అని కూర్చోకండి. అయిదేళ్ళ పిల్లాడు వేరే పౌరసత్వం ‘స్వచ్ఛందంగా’ తీసుకున్నాడా అని వాదించొచ్చు, వాదించాల్సిన పాయింటే. కానీ ఆ వాదన తేలేలోపు మీవాడికి గడ్డం వస్తుంది.

రెండోది, బాబు ఏ దేశానికీ చెందనివాడు కాడు. పాస్‌పోర్ట్ గడువు తీరితే పౌరసత్వం తీరిపోదు, వాడు ఆస్ట్రేలియా పౌరుడే. ఏ దేశ చట్టమూ తన పౌరుడిగా లెక్కించని మనిషిని ‘స్టేట్‌లెస్’ అంటారు, 1954 ఒప్పందంలో నిర్వచనం అది. అంత దూరం రాలేదు మీరు. ఆస్ట్రేలియాలో పిల్లల పాస్‌పోర్ట్‌కి ఒకరి సంతకం దొరకనప్పుడు ప్రత్యేక పరిస్థితుల కింద దరఖాస్తు పెట్టే వీలుంది. చెన్నైలో వాళ్ళ కాన్సులేట్ ఉంది. మీవారికి పంపిన మెయిళ్ళు, మెసేజ్‌లు ఒక్కటీ డిలీట్ చేయకండి. రేపు అవే సాక్ష్యం.

ఇక చదువు. ఇది నాకు కోపం తెప్పించే భాగం, కాస్త పొడుగ్గా రాస్తాను. రాజ్యాంగం తెరిచి చూడండి. 19వ అధికరణలో ‘పౌరులందరికీ’ అని ఉంటుంది. విద్యాసంస్థల్లో ప్రవేశం గురించి చెప్పే 29(2)లో ‘ఏ పౌరుడికీ’ అని ఉంటుంది. 2002లో 86వ సవరణతో చేర్చిన 21ఏలో మాత్రం పౌరుడు అన్న మాటే లేదు. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ ‘పిల్లలందరికీ’ అని రాశారు. విద్యాహక్కు చట్టం 2009లో పిల్లలు అంటే ఎవరో చెప్పే నిర్వచనం ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ మగపిల్లలు, ఆడపిల్లలు. అంతే. దేశం పేరు లేదు. పౌరులు అని రాయాలనుకుంటే రాయడం తెలియని వాళ్ళేం కాదు.

అదే చట్టంలో సెక్షన్ 4 చూడండి. ఇంతవరకూ బడికి రాని పిల్లల్ని కూడా వయసుకు తగ్గ క్లాసులోనే చేర్చుకోవాలి. వయసు రుజువు లేదని వెనక్కి పంపకూడదు, 14(2). టీసీ ఆలస్యమైందని ఆపకూడదు, సెక్షన్ 5. ఆధార్ లేదని అడ్మిషన్ ఆపడం కుదరదని 2018 సెప్టెంబర్ 26న ఆధార్ తీర్పులోనే సుప్రీంకోర్టు చెప్పింది.

అయితే ఆ రెండో స్కూల్ భయం కూడా ఉత్తిది కాదు. 2025 సెప్టెంబర్ 1 నుంచి కొత్త ఇమిగ్రేషన్, ఫారినర్స్ చట్టం అమల్లోకి వచ్చింది. విదేశీ విద్యార్థుల వివరాలు విద్యాసంస్థలు అధికారులకు తెలియజేయాలి. తెలియజేయమన్నారంటే చేర్చుకోవద్దని కాదు. కానీ ప్రైవేట్ యాజమాన్యం ఆ తలనొప్పి ఎందుకని గేటు దగ్గరే తేల్చేస్తుంది. వీసా గడువు దాటి ఉండటం మీ పక్క నుంచి తప్పే. ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ పోర్టల్‌లో మీరే ముందుగా చెప్పుకోండి, వాళ్ళు వచ్చి అడిగేదాకా ఆగకండి.

ఎంవీపీ_అమ్మ · జూన్ 17, ఉదయం 7:30

చాలా థాంక్స్ అండీ. సెక్షన్ 9 గురించి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఆ రోజు కౌంటర్‌లో సంతకం పెట్టేటప్పుడు వాడు నా చున్నీ పట్టుకుని ఆకలేస్తోందని ఏడుస్తున్నాడు. తొందరగా పెట్టేసి బయటపడదాం అనుకున్నా.

బడిపంతులు · జూన్ 17, సాయంత్రం 5:20

అమ్మా, నేను గాజువాక వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో పనిచేస్తున్నాను. మీకు సరిగ్గా సరిపోయే కేసు కాదు గానీ మా బడిలో జరిగింది చెప్తాను.

రెండేళ్ళ కిందట ఒక తల్లి ఎనిమిదేళ్ళ పాపను తీసుకొచ్చింది. కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది, సేఠ్ పాస్‌పోర్ట్ లాక్కున్నాడు, బయటపడి ఎక్కడెక్కడో పనిచేసింది. పాప అక్కడే పుట్టింది. తండ్రిది వేరే దేశం, పెళ్ళి కాగితం లేదు, అందుకని అక్కడ పాపకు పుట్టిన కాగితమూ లేదు. 2024లో అక్కడి ప్రభుత్వం కాగితాలు లేనివాళ్ళకు క్షమాభిక్ష (ఆమ్నెస్టీ) ఇచ్చినప్పుడు ఔట్‌పాస్ మీద, అంటే పాస్‌పోర్ట్ లేనివాళ్ళకు ఎంబసీ ఇచ్చే ప్రయాణ కాగితం మీద, ఇద్దరూ వచ్చారు. చేతిలో ఉన్నది ఒక్క తెల్లకాగితం, దాని మీద ఇద్దరి ఫొటోలు.

అడ్మిషన్ రిజిస్టర్ చూసినవాళ్ళకు తెలుస్తుంది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, మాతృభాష, పుట్టుమచ్చలు. మధ్యలో ఒక గడి, ‘జాతీయత, మతం’. ఇరవై ఏళ్ళుగా ఆ గడిలో కలం ఎత్తకుండా ఇండియన్, హిందూ అనో ఇండియన్, క్రిస్టియన్ అనో రాసుకుంటూ పోయాను. ఆ రోజు కలం ఆగింది. మా హెచ్‌ఎం గారు పక్క నుంచి చూసి, “ఏటి మాస్టారూ, ఆ గడి నింపకపోతే పాపకి ఎక్కాలు రావా?” అన్నారు. ఖాళీ వదిలేశాను. వయసుకి తల్లి రాసిచ్చిన డిక్లరేషన్ తీసుకున్నాం, రూల్స్‌లో అది చెల్లుతుంది. పాప అదే రోజు మధ్యాహ్నం బడిలో భోజనం చేసింది.

కానీ కథ సుఖాంతం అనుకోకండి. పుస్తకాలు, భోజనం, క్లాసు, వీటికి ఏ కాగితమూ అడ్డం రాలేదు. ఆధార్ లేదు కాబట్టి తల్లికి వందనం పథకం డబ్బు రాలేదు. పక్కింటి పిల్లల తల్లులందరికీ పడ్డాయి, ఈమెకు పడలేదు. పోర్టల్‌లో పాప పేరు పక్కన ఎప్పుడూ ఒక ఎర్ర గుర్తు. ప్రతి మీటింగ్‌లోనూ నన్ను ఆ ఎర్ర గుర్తు గురించే అడుగుతారు. పాప బాగా చదువుతోంది, ఆ సంగతి అడిగినవాడు లేడు. పదో తరగతికి వచ్చాక నామినల్ రోల్స్‌లో (పరీక్ష రాసేవాళ్ళ జాబితా) ఏమవుతుందోనని నాకు ఇప్పటి నుంచే దిగులు.

కాబట్టి నా సలహా, ప్రైవేట్ స్కూళ్ళ చుట్టూ తిరగడం మానండి. మీ ఇంటికి దగ్గర్లోని జీవీఎంసీ హైస్కూల్‌కి నేరుగా వెళ్ళి హెచ్‌ఎం గారితో మాట్లాడండి. కాదంటే కాదన్న మాట కాగితం మీద రాసివ్వమనండి. కాగితం అడిగితే చాలామంది స్వరం మారుతుంది.

ముక్కుసూటి · జూన్ 17, రాత్రి 9:05

నేను చెప్పేది ఎవరికీ నచ్చదు, అయినా చెప్తాను. కావాలని వేరే దేశం పౌరసత్వం తీసుకుని, అక్కడ చెడితే ఇక్కడికొచ్చి సర్కారు బడిలో ఉచితంగా చదివించమంటే ఎలా? మన పన్నులతో మన పిల్లలకే సరిగ్గా బెంచీలు లేవు. ఆ కువైట్ పాప సంగతి వేరు.

గాజువాక_గౌరి · జూన్ 17, రాత్రి 9:18

తీసుకున్నది వాళ్ళ నాన్న. బాల్కనీలో నిలబడుతున్నది బాబు. పన్నులంటారా, వాళ్ళమ్మ కొనే సబ్బు నుంచి సెల్ రీఛార్జ్ దాకా కడుతూనే ఉంది కదండీ.

ఏయూ_లా_చెల్లి · జూన్ 17, రాత్రి 10:31

ముక్కుసూటి గారూ, మీ వాదన కొత్తది కాదు. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం అచ్చం ఇదే అంది. కాగితాలు లేకుండా వచ్చినవాళ్ళ పిల్లలకు బడి డబ్బు ఇవ్వం, బడులు వాళ్ళను చేర్చుకోకపోయినా పర్వాలేదు అని చట్టం చేసింది. 1982లో అక్కడి సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా ఆ చట్టం కొట్టేసింది. తల్లిదండ్రులు చేసినదానికి పిల్లల్ని శిక్షించడం ఏం న్యాయం అన్నది అందులో ముఖ్యమైన పాయింట్. ఒక్క ఓటు తేడా అంటే ఆ చట్టం చెల్లుతుందన్న జడ్జిలు నలుగురున్నారు, కాబట్టి మీరు ఒంటరి కాదు :)

నేను ఎల్‌ఎల్‌ఎంలో ఈ టాపిక్ చదువుతున్నాను. నాకు అర్థమైంది ఏమిటంటే, ఫలానా పిల్లలకు చదువు లేదు అని మొహం మీద రాసిన చట్టాలు తక్కువ. కాగితం అడుగుతారు, అంతే. ఆ కాగితం ఇచ్చే ఆఫీసు మాత్రం ఇవ్వదు. డొమినికన్ రిపబ్లిక్‌లో హైతీ మూలాలున్న ఒక అమ్మాయికి పుట్టిన సర్టిఫికెట్ ఇవ్వలేదు. అది లేదని పగటి బడిలో చేర్చుకోలేదు. 1998లో ఆ చిన్నపిల్ల పెద్దవాళ్ళు చదువుకునే రాత్రి బడిలో కూర్చోవాల్సి వచ్చింది. 2005లో అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు ఆ దేశానిదే తప్పని తేల్చింది. అయినా 2013లో ఆ దేశ రాజ్యాంగ కోర్టు ఇంకో అడుగు ముందుకేసి, కాగితాలు లేని తల్లిదండ్రులకు అక్కడ పుట్టినవాళ్ళ పౌరసత్వాన్ని 1929 దాకా వెనక్కెళ్ళి తీసేసింది. పొద్దున్న పౌరులుగా నిద్ర లేచి సాయంత్రానికి ఎవరూ కాకుండా పోయారు. కెన్యాలో నూబియన్ పిల్లల కేసు కూడా ఇలాంటిదే, 2011లో ఆఫ్రికా బాలల హక్కుల కమిటీ తీర్పిచ్చింది.

మన దగ్గర మాటకొస్తే, 2025 ఫిబ్రవరిలో రోహింగ్యా పిల్లల అడ్మిషన్ల గురించి సుప్రీంకోర్టుకి వెళ్తే, ముందు ప్రభుత్వ బడులకు వెళ్ళి అడగండి, కాదంటే హైకోర్టుకు వెళ్ళండి అంది. మయన్మార్ 1982 చట్టంతో పౌరసత్వం లేకుండా పోయినవాళ్ళు వాళ్ళు. ఏ దేశమూ నావాళ్ళు అనని పిల్లలకే ఆ దారి చూపించినప్పుడు, విశాఖలో పుట్టి, ఇండియన్ తల్లి పక్కనున్న బాబుకి గేటు మూసేస్తే ఎలా?

మధురవాడ_నాన్న · జూన్ 18, ఉదయం 8:02

నాదో వేరే గోడు. మా అమ్మాయి న్యూజెర్సీలో పుట్టింది, రెండేళ్ళప్పుడు వచ్చేశాం. ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చేది) ఉంది. ఎల్‌కేజీ నుంచి ఇంటర్ దాకా మధురవాడలోనే. ఆవకాయ లేనిదే ముద్ద దిగదు. నీట్‌కి అప్లై చేసేటప్పుడు తెలిసింది, 2021 మార్చి 4 నోటిఫికేషన్ తర్వాత ఓసీఐ వాళ్ళకు ఎన్నారై సీట్లు మాత్రమేనట, జనరల్ సీట్లు కావట. 2023 ఫిబ్రవరి 3న సుప్రీంకోర్టు, ఆ తేదీకి ముందే ఓసీఐ కార్డు ఉన్నవాళ్ళకు పాత హక్కులుంటాయని చెప్పబట్టి బతికాం. కార్డు మీద తేదీ 2011. ఆ కార్డుకి రోజూ దణ్ణం పెట్టుకుంటున్నా. మా ఫ్రెండ్ కూతురికి 2022లో వచ్చింది, ఆ అమ్మాయి బయటే.

ఎంవీపీ అమ్మ గారూ, బాబుకి ఓసీఐ చేయించలేదా?

బడిపంతులు · జూన్ 18, ఉదయం 8:40

నాన్న గారూ, కోప్పడకండి. మెడికల్ సీటు జనరలా ఎన్నారైనా అన్నది ఒక బాధ, ఆరో తరగతి గేటు దాటడం ఇంకో బాధ. రెండూ ఒకే గిన్నెలో వేయకండి.

మధురవాడ_నాన్న · జూన్ 18, ఉదయం 8:55

మాస్టారూ, నేను పోటీ పెట్టడం లేదు. మీరే అన్నారు కదా పదో తరగతిలో ఏమవుతుందోనని. నాది దాని తర్వాత వచ్చే మెట్టు. అప్పుడు తెలుసుకుంటే లాభం లేదని చెప్తున్నా. ఈఏపీసెట్‌కి (పాత ఎంసెట్) కూడా ఇండియన్ అయినా అయి ఉండాలి, ఓసీఐ అయినా ఉండాలి. లోకల్ కోటా వేరే లెక్క, వరుసగా నాలుగేళ్ళు ఇక్కడ చదివినట్టు స్టడీ సర్టిఫికెట్లు చూపించాలి. ఇంట్లో కూర్చుని చదివిన ఏడాది ఆ లెక్కలోకి రాదు.

బడిపంతులు · జూన్ 18, ఉదయం 9:01

ఆ చివరి మాట నిజం. ఒప్పుకున్నాను.

నల్లకోటు · జూన్ 18, మధ్యాహ్నం 1:15

ఓసీఐ మంచి ప్రశ్న. తల్లిదండ్రుల్లో ఒక్కరు భారత పౌరులైనా మైనర్‌కి ఓసీఐ అడగొచ్చు, పౌరసత్వ చట్టం 7ఏలో ఉంది. అసలు ప్రత్యేక పరిస్థితులున్నాయని చూపించి మైనర్ని పౌరుడిగానే రిజిస్టర్ చేయమని 5(4) కింద కూడా కేంద్రాన్ని అడగొచ్చు, అయితే అప్పుడు ఆస్ట్రేలియాది వదులుకోవాలి. దేనికైనా చెల్లే పాస్‌పోర్ట్ ముందు కావాలి. అందుకే చెన్నై పని మొదటిది. తాళంచెవి అక్కడుంది.

కానీ బడి మాత్రం దీనికోసం ఆగకూడదు. ఈ రెండు పనుల్నీ విడదీయండి. పాస్‌పోర్ట్, వీసా, ఓసీఐ ఒక ఫైలు. బడి ఇంకో ఫైలు. మీ దగ్గరకొచ్చే ప్రతివాళ్ళూ ఆ రెండూ కలిపేసి ‘ముందు అది తెచ్చుకోండి’ అంటారు. ఉచిత నిర్బంధ విద్య హక్కు మామూలుగా పద్నాలుగేళ్ళకు ఆగిపోతుంది. వాడికి పదకొండు. అంటే చేతిలో ఉన్నది మూడేళ్ళు.

బర్మాక్యాంప్_తాత · జూన్ 18, రాత్రి 8:44

మా మనవరాలు టైప్ చేస్తోంది, నేను చెప్తున్నాను. తప్పులుంటే దానివి.

కంచరపాలెం బర్మా క్యాంపులో అరవై ఏళ్ళ నుంచి ఉంటున్నాను. రంగూన్‌లో పుట్టాను. మా తాత కళింగపట్నం వైపు నుంచి ఓడెక్కి వెళ్ళాడు. నాన్నకి రంగూన్‌లో చిన్న కిరాణా కొట్టు. 1962లో జనరల్ నేవిన్ సైన్యం అధికారంలోకి వచ్చింది. 1964లో కొట్లన్నీ సర్కారువైపోయాయి. అదే ఏడాది మేలో 50, 100 చాట్ల (అక్కడి డబ్బు) నోట్లు చెల్లవన్నారు, నాన్న డబ్బాలో దాచుకున్నది అంతా ఆ నోట్లే. మేం అక్కడే పుట్టినా మా దగ్గర ఉన్నది విదేశీయులకిచ్చే కార్డు. వీధిలో ‘కళా’ అనేవారు, ఇండియా వాళ్ళను చులకనగా పిలిచే మాట అది. తర్వాతి ఏడు ఓడెక్కాం.

ఇక్కడ దిగాక నాకు తొమ్మిదేళ్ళు. బర్మా లిపి వచ్చు, మాట్లాడే తెలుగు వచ్చు, చదివే తెలుగు రాదు. బడిలో మాస్టారు ఏ ఊరు కాగితమూ అడగలేదు, అది ఆయన మంచితనం. కానీ అక్షరాలు రావని ఒకటో తరగతిలో కూర్చోబెట్టారు. నేల మీద వరసలో అయిదేళ్ళ పిల్లల మధ్యలో నా మోకాళ్ళు పైకి లేచి కనిపించేవి. ‘బర్మావోడు’ అనేవారు. అక్కడ కళా, ఇక్కడ బర్మావోడు. ఏడాదిన్నర భరించి మానేసి పోర్టులో కూలికి పోయాను. మా తమ్ముడు వయసులో చిన్నవాడు, ఒకటో తరగతికి సరిగ్గా సరిపోయాడు. వాడు చదువుకుని బ్యాంకులో రిటైరయ్యాడు. ఇద్దరం ఒకే ఓడలో వచ్చాం.

వకీలు గారు చెప్పిన వయసుకు తగ్గ క్లాసు అన్న మాట మనవరాలు చదివి వినిపిస్తే రెండుసార్లు చదివించుకున్నాను. అమ్మా, అ ఆలు రావని మీవాణ్ణి కింది క్లాసులో వేస్తామంటే ఒప్పుకోవద్దు.

సాగర్‌నగర్_శ్రీను · జూన్ 18, రాత్రి 9:10

తాతగారూ 🙏 బర్మా క్యాంపులో నూడుల్స్ తినడానికి ఎన్నిసార్లు వచ్చానో, ఈ సంగతి ఎవర్నీ అడగలేదు.

అక్కా, నా మొదటి సలహాకి సారీ. ఎవరో చెప్పింది చెప్పేశా.

ముక్కుసూటి · జూన్ 18, రాత్రి 9:26

తాతగారిది వేరే కాలం. అయినా సరే, బడి గేటు దగ్గర పిల్లాణ్ణి ఆపమని నేను అనలేదు. తండ్రి దగ్గర ఫీజు వసూలు చేయాలన్నది నా పాయింట్. దాని మీద ఉంటాను.

నల్లకోటు · జూన్ 18, రాత్రి 9:40

దానికి మెయింటెనెన్స్ కేసు అని ఒకటి ఉంటుంది, ముక్కుసూటి గారూ. వేయొచ్చు. ఈసారి మీరూ నేనూ ఒకే పక్క.

గాజువాక_గౌరి · జూన్ 19, ఉదయం 11:20

ఒక చిన్న సమాచారం. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. కోర్టు కాంప్లెక్స్‌లోనే ఉంటుంది. నేను నా ఆస్తి తగాదాకి వెళ్ళాను, మర్యాదగానే చూశారు. బడి కాదంటే వాళ్ళ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం వెళ్ళినా పని జరుగుతుంది.

ఎంవీపీ_అమ్మ · జూలై 3, రాత్రి 9:50

అందరికీ అప్‌డేట్ ఇవ్వాలి. ఇన్నాళ్ళూ కాళ్ళకు బలపాలు కట్టుకుని తిరిగాను.

మా ఇంటికి దగ్గర్లోని జీవీఎంసీ స్కూల్‌కి వెళ్ళాను. హెచ్‌ఎం మేడమ్ పాస్‌పోర్ట్ అటూ ఇటూ తిప్పి చూసి, పై ఆఫీసులో అడిగి చెప్తానన్నారు. మూడు రోజులు తిప్పారు. నాలుగో రోజు మాస్టారు చెప్పినట్టు, కాదంటే రాసివ్వండి మేడమ్ అన్నాను. గొంతు వణికింది గానీ అన్నాను. ఆవిడ నన్ను కూర్చోమని, టీ తెప్పించి, ఎవరికో ఫోన్ చేశారు. ఫోన్‌లో “పేరెంట్ చట్టం తెలిసినావిడలా ఉంది” అనడం నాకు వినిపించింది. నల్లకోటు గారూ, ఆ చట్టం మీదే.

కింది క్లాసులో వేద్దామా అన్నారు, తెలుగు రాదు కదా అని. ఒప్పుకోలేదు. ఆరో తరగతిలోనే చేర్చుకున్నారు. జాతీయత గడిలో ఆస్ట్రేలియన్ అని రాసి, పక్కన పాస్‌పోర్ట్ నంబరు, గడువు తీరిన తేదీ కూడా వేశారు. విదేశీ విద్యార్థి వివరాలు పైకి పంపుతామని చెప్పారు, పంపండి అన్నాను. ఆధార్ గడి ఖాళీ.

ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలో దరఖాస్తు పెట్టాను. పెనాల్టీ పడేలా ఉంది, పడనీ. చెన్నైకి పాస్‌పోర్ట్ కాగితాలు పంపాను, మావారికి పంపిన 41 మెయిళ్ళ ప్రింట్లతో సహా. ఇంకా జవాబు లేదు. న్యాయ సేవాధికార సంస్థలో ఒక లాయరమ్మని ఇచ్చారు, మంచావిడ.

మొదటి రోజు బాబు సాయంత్రం ఇంటికొచ్చి చెప్పిన మాట, “అమ్మా, లంచ్ ఫ్రీ! ఎగ్ కూడా!” రెండో రోజు చెప్పింది, వెనక బెంచీలో వాళ్ళు వీడికి ‘స్టీవ్ స్మిత్’ అని పేరు పెట్టారట. వాడికి అది అవమానమో గౌరవమో అర్థం కాలేదు. బ్యాటింగ్ రాదు వాడికి.

బడిపంతులు · జూలై 3, రాత్రి 10:05

శుభం. ఒక్కటి గుర్తుంచుకోండి. ఏటేటా ప్రోగ్రెస్ కార్డు, స్టడీ సర్టిఫికెట్ అప్పటికప్పుడు తీసుకుని దాచండి. కంప్యూటర్‌లో వాడి పేరు ఏ రోజు ఎగిరిపోతుందో మాకే తెలీదు. కాగితం మీద ముద్ర ఉంటే తర్వాత ఎవరూ చదవలేదనలేరు. మా పాప ఎర్ర గుర్తు ఇంకా పోలేదు.

ఏయూ_లా_చెల్లి · జూలై 3, రాత్రి 10:22

మాస్టారూ, ఆ పాప సంగతి నాకు మెసేజ్ చేస్తారా? ఎంబసీ ఔట్‌పాస్ ఇచ్చిందంటే ఇండియన్ అని ఒప్పుకునే ఇచ్చి ఉండాలి కదా. ఆ కాగితం నంబరు పట్టుకుని ఏమైనా చేయగలమేమో మా మేడమ్‌ని అడుగుతాను. పేర్లు ఇక్కడ రాయకండి.

బడిపంతులు · జూలై 3, రాత్రి 10:24

పంపిస్తున్నాను తల్లీ.

ఎంవీపీ_అమ్మ · జూలై 4, ఉదయం 6:40

ఒక చిన్న సాయం. ఎవరి దగ్గరైనా ఒకటో తరగతి తెలుగు వాచకం పాతది ఉందా? ఆరో తరగతి పుస్తకం ఇచ్చారు గానీ వాడికి అందులో ఒక్క అక్షరం తెలీదు. అ నుంచి మొదలుపెట్టాలి, రాత్రిళ్ళు నేనే కూర్చోబెడతాను.

బర్మాక్యాంప్_తాత · జూలై 4, ఉదయం 7:15

మనవరాలిది ఉంది. అట్ట చిరిగింది, ‘ఋ’ ఉన్న పేజీ మీద సిరా ఒలికింది. ఆదివారం బాబుని తీసుకుని రండి. కంచరపాలెం మెట్టు దగ్గర దిగి బర్మా తాత అంటే ఎవరైనా చూపిస్తారు.